పశుచికిత్స: అశోకుని శాసనమూ, ఊరి చింతచెట్టూ

కర్నూలు జిల్లాలో గుత్తి నుండి పత్తికొండకు పోయే దారికి చేరువన ఎర్రగుడి బండలున్నాయి. 1929లో పరిశోధకుల దృష్టికి వచ్చిన ఆ బండలపై అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనాలూ, లఘుశాసనమూ ఒకేచోట కనిపిస్తాయి. మా విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోయినప్పుడు నేను రెండవ శాసనం వద్ద కొంతసేపు ఆగుతాను. తన రాజ్యంలోనూ, చోళ, పాండ్య, సతియపుత్ర, కేరళపుత్ర దేశాలలోనూ, తామ్రపర్ణిలోనూ, యవనరాజు అంతియోకుని సీమలోనూ మనుషులకొకటి, పశువులకొకటి అని రెండు విధాల చికిత్సలు ఏర్పాటు చేసితినని రాజు అందులో చెప్పుకొన్నాడు. మూలికలు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించాడు. దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు వేయించాడు. ఆ బావులూ చెట్లూ మనుషులతో పాటు పశువుల కోసం కూడా. ఇదంతా వివరించిన తరువాత ఒక రైతుబిడ్డ అడిగాడు: "ఎద్దుకు గొట్టంతో మందు పోసింది ఎవరు సార్?" తక్కినవారు నవ్వారు. నాకు మాత్రం వెంటనే సమాధానం దొరకలేదు.

అశోకుడు పశువుల ఆసుపత్రులు కట్టించాడని పాఠ్యపుస్తకాలు వ్రాస్తాయి, సభలలో వక్తలు చెబుతారు. శాసనంలో ఆసుపత్రి అన్న మాట లేదు. గిర్నార్ ప్రతిలో ఉన్నది "పసుచికీఛా", అనగా పశుచికిత్స. కట్టడం గురించి గాని, వైద్యుల జీతాల గురించి గాని ఒక్క మాటా లేదు. రాజు చికిత్సను ప్రకటించాడు, మూలికలు నాటించాడు. ఆ మూలికను నూరి పశువు నోట పోసినవాడు శాసనానికెక్కలేదు.

ఈ విషయంలో ఆజ్ఞకు గల పరిమితిని అశోకుడే అందరికంటె ముందు గుర్తించాడు. మొదటి శాసనంలో తన వంటశాల సంగతిని దాచకుండా చెప్పాడు. పూర్వం కూరకొరకు దినమూ లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక, జింక కూడా ప్రతిదినమూ కాదు, ఇకమీదట ఇవి కూడా ఉండవు అన్నాడు. పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరాల తరువాత వేయించిన అయిదవ స్తంభశాసనంలో చంపరాని ప్రాణుల పట్టిక ఇచ్చాడు. చిలుకలు, గోరువంకలు, చక్రవాకాలు, గబ్బిలాలు, తాబేళ్లు అందులో ఉన్నాయి. చూలుతో ఉన్నవి, పాలిచ్చేవి అయిన మేకలనూ గొర్రెలనూ, ఆరు నెలలు నిండని పిల్లలనూ చంపరాదన్నాడు. పురుగులున్న పొట్టును కాల్చరాదు, అకారణంగా అడవికి నిప్పు పెట్టరాదు అన్నాడు. మరుసటి సంవత్సరం వేయించిన ఏడవ స్తంభశాసనంలో ఒక విశేషమున్నది. ధర్మవృద్ధికి తాను రెండు మార్గాలు అవలంబించితినని, ఒకటి నియమము, రెండవది "నిఝతి", అనగా ఆలోచింపజేసి ఒప్పించుట అని చెప్పాడు. ఈ రెంటిలో నియమము అల్పమైనదని తేల్చాడు. ఆ అల్పమైన నియమానికి అతడిచ్చిన ఉదాహరణ ఏమిటి? ఫలానా ఫలానా ప్రాణులను చంపరాదన్న తన ఉత్తరువే! తన ఆజ్ఞను తానే తక్కువ చేసి చెప్పిన చక్రవర్తి చరిత్రలో అరుదు.

ప్రజలే ముందు, పాలకులు తరువాత అన్నదానికి బౌద్ధ వాఙ్మయంలో ఇంకా పాత సాక్ష్యమున్నది. భిక్షువులు వానకాలంలో తిరుగుతూ పచ్చిగడ్డిని, చిన్న ప్రాణులను త్రొక్కుతున్నారని జనులు నిందించగా తథాగతుడు వర్షావాసాన్ని విధించాడని వినయపిటకం చెబుతున్నది. అక్కడ సంఘానికి కరుణను గుర్తుచేసినది సామాన్య జనమే.

మరి మౌర్యుల తరువాత పశుచికిత్సను నిలబెట్టినదెవరు? ఇక్కడ ఒక మాట మనకు కొంత రుచించకపోవచ్చు. గుజరాతు పట్టణాలలో పాంజరాపోలులను శతాబ్దాలపాటు నడిపినవారు ప్రధానంగా జైన వర్తకులు. 1623లో ఖంభాతు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె అక్కడి పక్షుల ఆసుపత్రిని కళ్లారా చూసి వ్రాశాడు. దాని వెనుక ఉన్నది వర్తకుల చందా, రాజాజ్ఞ కాదు. కరుణ మన సొత్తు అని ఉత్సవ సంచికలలో వ్రాసుకొనే ముందు ఈ ఋణాన్ని ఒప్పుకోవాలి.

ఇక మన కాలానికి, కళింగానికి వద్దాం. ధౌలి, జౌగఢ శిలలపై పదమూడవ శాసనం లేదు. కళింగయుద్ధంపై తన పశ్చాత్తాపాన్ని అశోకుడు ఓడిన కళింగులకు వినిపించలేదు. కాని పశుచికిత్స చెప్పే రెండవ శాసనాన్ని మాత్రం అక్కడా చెక్కించాడు. జౌగఢ ఉన్న గంజాం జిల్లాను ఆనుకొనియే మన శ్రీకాకుళం జిల్లా. అక్కడ టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్లపై గూళ్లు కడతాయి. పత్రికలు వీటిని సైబీరియా పక్షులంటాయి. నిజానికి గూడబాతు మన దక్షిణాసియా పక్షియే. పక్షులు దిగితే ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకం. రెట్టల కంపును, కూతల గోలను ఇంటిముంగిట సహించడానికి ఆ నమ్మకమే ఆధారం. 2021 చివర, 2022 మొదట అక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కారణం పరాన్నజీవులైన నులిపురుగులు. నమ్మకం చెట్టును కాపాడగలిగింది గాని, చేపతో పక్షి కడుపులోకి పోయే పురుగును ఆపలేదు. అక్కడ కావలసినది పశువైద్యుడు, పరీక్ష, వాటికయ్యే ఖర్చు.

కర్ణాటకలో మద్దూరు వద్ద ఉన్న కొక్కరె బెళ్లూరు ఈ అడుగును ముందే వేసింది. గూళ్ల నుండి జారిపడిన గూడబాతు పిల్లలను ఆ ఊరి యువకులు తెచ్చి, ఆవరణలో ఉంచి, చేపలు పెట్టి పెంచి, ఎగరనేర్చిన తరువాత విడిచిపెడతారు. వారి బృందం పేరు హెజ్జార్లె బళగ, అనగా గూడబాతు బంధువర్గం. పక్షులకు విడిచిన చెట్ల కాయకు అటవీశాఖ యజమానులకు పరిహారమిస్తుంది. చింతపండు రైతుకు రాబడి. దానిని వదులుకొమ్మని ఊరకే ప్రవచనం చెప్పడం న్యాయం కాదు. అశోకుడు చెప్పిన ఒప్పించుట అన్నదానిలో ఈ లెక్క కూడా చేరుతుందని నా అభిప్రాయం.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అట్టిది చేతికి వస్తే 48 గంటలలో దగ్గరి పోలీసుస్టేషనుకు గాని, అధికారికి గాని తెలుపవలె. దెబ్బతిన్న పక్షిని దయతో ఇంట దాచుకొన్నవాడు కూడా చట్టం దృష్టిలో చిక్కున పడవచ్చు. ఈ భయం వల్లనే పలువురు చూసి కూడా తప్పుకొని పోతారు. ఊరిలో ఒకరికి అటవీ సిబ్బంది ఫోను నంబరు తెలిసి ఉండడం, ఒక అట్టపెట్టె, కొంత నీడ, చేపలకు కొంత డబ్బు: మొదటి పూటకు ఇవి చాలు.

బౌద్ధ దేశాలలో పండుగనాడు పంజరంలోని పక్షులను కొని విడిచే ఆచారమున్నది. ఆ కోరిక మన సంఘాలలోనూ అక్కడక్కడ వినిపిస్తున్నది. విడుదల చేయడం కోసం పక్షులను పట్టేవాడు పుట్టుకొస్తాడు. మన చట్టం ప్రకారం అది నేరం కూడా. వచ్చే వైశాఖ పున్నమికి ఆ డబ్బు కూడితే తేలినీలాపురానికి పంపవచ్చునని కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదించాను. దీపాలంకరణ పద్దు ముందు తేలాలన్నారు. ఇంకా తేలలేదు.