జ్యా వక్రరేఖకు సమీకరణం: చరఖండాల సాక్ష్యం

సైన్, కొసైన్ రేఖలకు సమీకరణాలు రాయడం ఆధునిక పాఠ్యాంశమనీ, వాటి మూలమైన జ్య మాత్రమే మనదనీ చెప్పుకొంటాం. జ్య అంటే వింటినారి. దాని పర్యాయమైన 'జీవా' అరబ్బీలో 'జీబా' అయి, 'జైబ్'గా చదవబడి, లాటిన్‌లో 'సైనస్'గా అనువాదమైంది. అయితే కొసైన్ 'కోటిజ్య' నుండి పుట్టిందనే ప్రచారం సరికాదు. 'పూరక కోణపు సైన్' అనే లాటిన్ పదబంధాన్ని 1620లో ఎడ్మండ్ గంటర్ కుదించిన రూపమది. అందువల్ల పదసామ్యాలను విడిచి లెక్కనే పరిశీలించాలి.

సూర్యసిద్ధాంతం వృత్తపాదాన్ని 24 భాగాలు చేసి, 3438 కళల త్రిజ్యకు 225, 449, 671, 890 అంటూ జ్యలను ఇస్తుంది. వీటి మధ్య భేదాలు 224, 222, 219గా తగ్గుతాయి. 12వ శతాబ్దిలో మల్లికార్జున సూరి ఈ గ్రంథానికి తెలుగులో వ్యాఖ్య రాశారు. మన వచన వాఙ్మయ చరిత్రలు ఇటువంటి శాస్త్రవ్యాఖ్యలను దాదాపు పట్టించుకోలేదు.

ఆ జ్యల తీరు పంచాంగంలోని దినప్రమాణంలో కనిపిస్తుంది. పెద్దకడుబూరు, ఆదోని ప్రాంతపు అక్షాంశం పదిహేనున్నర డిగ్రీలకు కాస్త ఎక్కువ. విషువద్దినాన 12 అంగుళాల శంకువు మధ్యాహ్నచ్ఛాయ, అనగా పలభ, ఇక్కడ సుమారు 3⅓ అంగుళాలు. సంప్రదాయ గణకుడు దానిని 10, 8, 3⅓లతో వేర్వేరుగా గుణిస్తాడు. వచ్చే 33, 27, 11 విఘడియలే మూడు రాశుల చరఖండాలు, మొత్తం 71. ఉదయానికొకటి, అస్తమయానికొకటిగా రెట్టిస్తే 142 విఘడియలు, అంటే సుమారు 2.37 ఘడియలు. వసంత విషువం నుండి సూర్యుడు నడిచిన కోణాన్ని x అనుకుంటే, దినప్రమాణం ఘడియలలో:

y = 30 + 2.37 సైన్ x

ఇందులో 30 మధ్యరేఖ, 2.37 కంపన పరిమితి. లెక్కను అతిదీర్ఘ దినం నుండి మొదలుపెడితే అదే రేఖ y = 30 + 2.37 కొసైన్ x అవుతుంది. మారినది ఆరంభ బిందువే.

10, 8, 3⅓ అనే గుణకాలు తగ్గుతూ రావడమే ఇక్కడ కీలకం. మొదటి రాశిలో పగలు వేగంగా పెరుగుతుంది, మూడవ రాశిలో దాదాపు నిలుస్తుంది. ఆ పెరుగుదల వేగమే కొసైన్. శుద్ధ సైన్ రేఖ ప్రకారం ఈ వాటాలు 10.7, 7.8, 2.9 కావాలి. వ్యత్యాసం గణకుడి పొరపాటు కాదు: క్రాంతి నుండి వచ్చే నిజమైన చరం శుద్ధ సైన్ కాదు, చరఖండాలు దానికే దగ్గర. గీసిన రేఖ లేకున్నా, ఆ మూడు గుణకాలు దాని వంపును మోస్తున్నాయి.

వాతావరణ వక్రీభవనాన్నీ, సూర్యబింబపు వ్యాసార్ధాన్నీ కలిపితే పగలు సుమారు 7 నిమిషాలు ఎక్కువవుతుంది. అప్పుడు మధ్యరేఖ మాత్రమే 30 నుండి పైకి జరుగుతుంది; కంపన పరిమితి దాదాపు అలాగే ఉంటుంది.