అనువాదపు హక్కుల వెనుక ఒక పెద్దమ్మ

ఒకప్పుడు చదువుకొన్న తెలుగువారి ఇండ్లలో శరత్‌బాబు నవల లేని బీరువా అరుదుగా నుండెడిది. ఆయన వంగదేశీయుడన్న సంగతి మరచి, మనవాడే యనుకొని చదివిన పాఠకులెందరో! అయితే ఒక పుస్తకము ఒక భాషనుండి మరియొక భాషకు తరలివచ్చునపుడు మూలరచయితకు దక్కునదేమి అన్న ప్రశ్న మనలో చాలమందికి తోచి యుండదు. 1914 నాటి మన చట్టము ప్రకారము, ఈ దేశమున తొలుత ప్రచురితమైన గ్రంథమునకు అనువాదహక్కు సామాన్యముగా పదియేండ్లు మాత్రమే రచయిత చేతిలో నుండెడిది. 1957 నాటి చట్టముతో ఆ పరిమితి తొలగినది.

ఈ హక్కును కాపాడుటయే వృత్తిగా గలవారిని లిటరరీ ఏజెంట్లందురు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున లండను నగరములో ఎ. పి. వాట్ ఈ వృత్తికి బాట వేసెను. రచయిత పక్షమున ప్రచురణకర్తతో బేరమాడుట, వచ్చిన సొమ్ములో నూటికి పది చొప్పున గ్రహించుట ఆయన పద్ధతి. కాని అనువాదహక్కుల విషయమున మేము నేడు ముచ్చటింపదలచినది స్పెయిను దేశపు బార్సిలోనా నగరములో ఒక స్త్రీ నడపిన సంస్థను గురించి.

ఆమె పేరు కార్మెన్ బాల్సెల్స్. 1930లో కాటలోనియా ప్రాంతమున సాంతా ఫే దె సెగారా అను కుగ్రామములో జన్మించెను. విశ్వవిద్యాలయపు మెట్లెక్కలేదు. రొమేనియా నుండి ప్రవాసము వచ్చిన రచయిత వింతీలా హోరియా నడపిన ఏజెన్సీలో ఆమె పని నేర్చెను. 1960లో హోరియాకు ఫ్రాన్సు దేశపు గొంకూర్ బహుమానము ప్రకటింపబడినది. ఆయన పారిస్ చేరగా, ఆమె తన సొంత సంస్థను నెలకొల్పుకొనెను.

మొదట ఆమె చేసిన పని విదేశీయ గ్రంథముల స్పానిష్ అనువాదహక్కులను స్వదేశపు ప్రచురణకర్తలకు అమ్ముట. ఆ పనిలోనే ఆమెకు అసలు సంగతి బోధపడినది. ఆ రోజులలో స్పానిష్ రచయిత ఒక ఒడంబడికపై చేవ్రాలు చేసెనా, ఆ పుస్తకము అన్ని దేశములకును, జీవితాంతము ఆ ప్రచురణకర్తదే. ఫ్రెంచిలోనికో, జర్మన్‌లోనికో అనువాదమైనను బేరము రచయిత చేతిలో లేదు. పైగా ఫ్రాంకో నిరంకుశపాలన. ప్రతి పుటపైన సెన్సారు కన్ను.

బాల్సెల్స్ ఈ పద్ధతిని మార్చెను. హక్కునకు గడువు పెట్టెను. దేశమునకు దేశము, భాషకు భాష వేరుచేసి ఇచ్చెను. మన రైతుల మాటలో చెప్పవలెనన్న, పొలమును శాశ్వతముగా వ్రాసి ఇచ్చుటకు మారుగా కౌలునకిచ్చుట వంటిది. గడువు తీరగానే పొలము మరల సొంతదారునిదే.

1965లో ఆమె న్యూయార్కు వెళ్ళి, అటుపిమ్మట మెక్సికోలో ఒక కొలంబియా రచయితను కలిసికొనెను. ఆయన నాలుగు పుస్తకముల ఆంగ్లానువాదహక్కులకు ఆమె తెచ్చిన బేరము మొత్తము వేయి డాలర్లు. ఆయన సంతోషింపలేదు సరికదా, ఆ మాట ముఖముననే అనెను. అయినను కొలది రోజులలోనే ఆమెను 150 సంవత్సరములకు తన ప్రతినిధిగా నియమించుచు హాస్యముగా ఒక పత్రము వ్రాసి ఇచ్చెను. ఆయనయే గాబ్రియేల్ గార్షియా మార్క్వెజ్. 1967లో వెలువడిన ఆయన నవల తదుపరి నలుబదికి పైగా భాషలలోనికి పోయినది.

పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా లండనులో పాఠములు చెప్పుకొనుచుండగా, ఆ ఉద్యోగము మాని రచనకే అంకితము కమ్మని ఆమె పట్టుపట్టెను. అంతవరకు వచ్చు ఆదాయమునకు బదులు నెలకు 500 డాలర్లు తానిచ్చెను. 2010లో ఆయన నోబెల్ బహుమానము నందెను. ఆమె ప్రాతినిధ్యము వహించినవారిలో నోబెల్ గ్రహీతలు ఆరుగురు. రచయితలు ఆమెను ‘పెద్దమ్మ’ అను అర్థము వచ్చు పేరుతో పిలుచుకొనిరి.

ఆమెయెడ ప్రచురణకర్తల ఫిర్యాదులు లేకపోలేదు. హక్కుల వెల పెరిగినకొలది చిన్న ప్రచురణకర్త వెనుదీయవలసి వచ్చును. కొద్ది ప్రతులే అమ్ముడగు భాషలకు గొప్ప గ్రంథములు ఆలస్యముగా చేరును. ఈ మాటలో సత్యము కలదు. కాని రచయిత పస్తులుండగా పెరిగిన సాహిత్యము ఎంతకాలము నిలుచును? ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే నేటికిని ఈ వృత్తికి పరీక్ష.

2010లో స్పెయిన్ ప్రభుత్వము ఆమె సంస్థ యొక్క ఉత్తరములను, కాగితములను 30 లక్షల యూరోలకు కొని జాతిసంపదగా భద్రపరచినది. 2015 సెప్టెంబరు 20న ఆమె బార్సిలోనాలో కన్నుమూసెను.

ఇకమీదట ఒక అనువాదగ్రంథము చేతికి తీసికొన్నపుడు, పాఠకులు ముఖపత్రము వెనుక పుటను ఒకసారి తిప్పి చూతురుగాక. అచ్చట సన్నని అక్షరములలో అనుమతిని తెలుపు వాక్యమొకటి యుండును. ఆ ఒక్క పంక్తి వెనుక ఒక రచయిత అన్నము, ఒకరి పట్టుదల దాగియున్నవని మా విన్నపము.