శ్రేణిచ్యుతి తరువాతి ఏడు: సండర్‌లాండ్ క్లబ్ 1958-59 సీజన్ - ఒక పునఃపరిశీలన

1958 ఏప్రిల్ 26న సండర్‌లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ పోర్ట్స్‌మత్ మైదానంలో 2-0 తేడాతో గెలిచింది. అదే మధ్యాహ్నం బర్మింగ్‌హామ్‌లో లెస్టర్ సిటీ 1-0తో గెలవడం వల్ల ఆ విజయం నిష్ఫలమైంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ మొదటి డివిజన్‌లోని 22 క్లబ్బులలో సండర్‌లాండ్‌కు 21వ స్థానం దక్కింది. చివరి రెండు స్థానాల క్లబ్బులు రెండో డివిజన్‌కు దిగాలన్నది నాటి నియమం. న్యూకాజిల్, పోర్ట్స్‌మత్, సండర్‌లాండ్ మూడింటికీ 32 పాయింట్లే వచ్చాయి. పాయింట్లు సమానమైనప్పుడు వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించి గోల్ సగటు తీసేవారు. న్యూకాజిల్ 73 వేసి 81 ఇచ్చింది. పోర్ట్స్‌మత్ 73 వేసి 88 ఇచ్చింది. సండర్‌లాండ్ 54 వేసి 97 ఇచ్చింది. 1890లో లీగ్‌లో ప్రవేశించిన నాటి నుండి, రెండు ప్రపంచ యుద్ధాల విరామాలు పోను, మొదటి డివిజన్ తప్ప మరో శ్రేణి ఎరుగని ఏకైక క్లబ్ అన్న 68 ఏళ్ల ఖ్యాతి ఈ భాగహారంతో ముగిసింది.

ఇట్లా పై శ్రేణి నుండి కింది శ్రేణికి పంపడాన్ని ఇంగ్లిషులో రెలిగేషన్ అంటారు. దీనికి తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదం లేదు. ‘పతనం’ అంటే దోషం, దానికి తగిన శిక్ష అనే నైతికార్థం వెంట వస్తుంది. ఇంగ్లిషు పదానికి మూలమైన లాటిన్ మాటకు రోమన్ న్యాయంలో నిర్దిష్టమైన అర్థం ఉంది. పౌరసత్వాన్ని, ఆస్తిని తీసివేయకుండా మనిషిని దూరప్రాంతానికి పంపివేయడం అది. నల్లసముద్ర తీరానికి పంపబడిన ఓవిడ్ కవి తాను పొందినది ఈ శిక్షేననీ, పూర్తి బహిష్కారం కాదనీ పట్టుబట్టి చెప్పుకున్నాడు. ఫుట్‌బాల్‌లో జరిగేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. క్లబ్ పేరు, మైదానం, లీగ్ సభ్యత్వం మిగులుతాయి, ప్రత్యర్థులు మారతారు. అందువల్ల ‘పదవీచ్యుతి’ పోలికమీద ‘శ్రేణిచ్యుతి’ అనే మాటను ఇక్కడ వాడటం జరిగింది. ఇది కేవలం అనువాద సమస్య కాదు. సండర్‌లాండ్ కథను చెప్పేవారు దానిని ఏ మాటతో మొదలుపెడతారన్నదాన్ని బట్టి ఆ తరువాతి సీజన్‌కు అర్థం మారిపోతుంది.

ప్రచారంలో ఉన్న కథకు మూడు ఘట్టాలున్నాయి: 1957 కుంభకోణం, 1958 పతనం, 1964 పునరాగమనం. పాపం, శిక్ష, విముక్తి అనే పురాణ కథాక్రమం ఇందులో సులభంగా ఒదుగుతుంది. ఈ క్రమంలో 1958-59 సీజన్‌కు దక్కేది ఒక్క వాక్యం: క్లబ్ రెండో డివిజన్‌లో 15వ స్థానంలో నిలిచింది. పైకి ఎక్కలేదు, కిందికి దిగలేదు. కథకు పనికిరాని ఆ సంవత్సరమే క్లబ్ నిర్మాణం మారిన సంవత్సరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1890లలో సండర్‌లాండ్‌కు ‘సకల ప్రతిభల జట్టు’ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన పేరు ‘బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ క్లబ్’. మొదటి పేరులో ఆట ఉంది, రెండో పేరులో డబ్బు ఉంది. 1948 ఫిబ్రవరిలో లెన్ షాకిల్టన్ కోసం న్యూకాజిల్‌కు 20,050 పౌండ్లు, 1950లో ట్రెవర్ ఫోర్డ్ కోసం ఆస్టన్ విల్లాకు 30,000 పౌండ్లు చెల్లించింది. ఆనాటికి ఇవి రికార్డు మొత్తాలు. క్లబ్బులు పరస్పరం ఎంతైనా చెల్లించుకోవచ్చు, కాని ఆటగాడి వేతనానికి మాత్రం లీగ్ గరిష్ఠ పరిమితి విధించింది. 1950ల మధ్యలో అది వారానికి 15 పౌండ్లు, 1958 నుండి 20 పౌండ్లు. కొత్త క్లబ్‌లో చేరినందుకు ఆటగాడికి చట్టబద్ధంగా దక్కేది 10 పౌండ్లు. వేలల్లో అమ్ముడుపోయేవాడి చేతికి పది పౌండ్లు వస్తున్నప్పుడు మిగిలిన బేరం చాటున జరగడంలో వింత లేదు.

1957 జనవరిలో ‘మిస్టర్ స్మిత్’ పేరుతో ఒక లేఖ అధికారులకు అందింది. సండర్‌లాండ్ ఆటగాళ్లకు నియమవిరుద్ధంగా డబ్బు ఇస్తోందన్నది దాని సారాంశం. విచారణలో తేలిన పద్ధతి ఆసక్తికరమైనది. చలికాలంలో మంచు నుండి మైదానాన్ని కాపాడటానికి పరిచే గడ్డికీ, తారు పనులకూ సరఫరాదారుల పద్దుల్లో అసలుకు మించిన లెక్కలు రాసి, ఆ తేడాను ఆటగాళ్లకు మళ్లించారు. క్లబ్‌కు 5,000 పౌండ్ల జరిమానా పడింది. ఛైర్మన్‌తో సహా డైరెక్టర్లపై సస్పెన్షన్లు వచ్చాయి. 1939 నుండి మేనేజర్‌గా ఉన్న బిల్ మరేకు 200 పౌండ్ల జరిమానా విధించగా ఆయన రాజీనామా చేశాడు. ఇతర క్లబ్బులు ఇటువంటి పని చేయలేదని అనుకోవడానికి ఆధారం లేదు. ఫోర్డ్ 1957లో వెలువరించిన ఆత్మకథ చాటు చెల్లింపులను బాహాటంగా ప్రస్తావించింది. అంతకు రెండేళ్ల ముందు షాకిల్టన్ తన ఆత్మకథలో, సగటు డైరెక్టర్‌కు ఫుట్‌బాల్ గురించి తెలిసినదెంత అన్న శీర్షికతో ఒక అధ్యాయం పెట్టి, దాని కింద పుటను ఖాళీగా వదిలాడు. అధిక్షేప సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు కూడా గుర్తుంచుకోదగిన పుట అది.

అయితే కుంభకోణమే శ్రేణిచ్యుతికి కారణమా? తేదీలు పరిశీలిస్తే అంత తేలికగా ఒప్పుకోలేం. 1949-50లో సండర్‌లాండ్ ఒక్క పాయింటు తేడాతో లీగ్ టైటిల్‌ను పోగొట్టుకొని మూడో స్థానంలో నిలిచింది. ఆ ఏప్రిల్‌లో సొంత మైదానం రోకర్ పార్క్‌లో దాన్ని 2-1తో ఓడించిన మాంచెస్టర్ సిటీ ఆ ఏడాదే రెండో డివిజన్‌కు దిగిపోయిన జట్టు. 1954-55లో నాలుగో స్థానం వచ్చింది. 1955, 1956లలో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్‌లో ఓటమి ఎదురైంది. 1956-57లో 88 గోల్స్ ఇచ్చి 20వ స్థానంలో, అంటే అంచు మీద, ఆగింది. కుంభకోణం ఆ సీజన్ మధ్యలోనే బయటపడినా, జట్టు రక్షణ పంక్తి ఒక్క లేఖతో బలహీనపడిందనడం కుదరదు. ఖరీదైన ముందు వరుస, అతుకుల వెనుక వరుస అన్న అమరిక అంతకు ముందు నుండీ కనిపిస్తూనే ఉంది.

పట్టణంతో ముడిపెట్టే మరో వివరణకూ ఇదే ఇబ్బంది. వేర్ నది ఒడ్డున ఉన్న సండర్‌లాండ్ నౌకానిర్మాణానికీ బొగ్గుకూ ప్రసిద్ధి. నౌకానిర్మాణంలో జపాన్ 1956లో బ్రిటన్‌ను దాటింది. దీన్నిబట్టి పట్టణం క్షీణించింది, క్లబ్ క్షీణించింది అని సమాంతర రేఖలు గీయడం ఆకర్షణీయంగానే ఉంటుంది. కాని 1958లో ఆ నౌకాశాలలూ గనులూ పనిచేస్తూనే ఉన్నాయి. అక్కడి చివరి నౌకాశాలల మూత 1988 నాటి మాట, వేర్‌మత్ బొగ్గుగని మూత 1993 నాటి మాట. ఆ గని స్థలంలోనే 1997లో క్లబ్ కొత్త స్టేడియం వెలిసింది. తరువాతి శిథిలాలను ముందటి కాలంపై ఆరోపించడం చరిత్ర రచనలో తరచు కనిపించే పొరపాటు.

1957 వేసవిలో మరే స్థానంలో అలన్ బ్రౌన్ వచ్చాడు. అంతకు ముందు బర్న్‌లీ మేనేజర్‌గా సొంత కుర్రాళ్లను పెంచే పద్ధతికి ఊతమిచ్చినవాడు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసినవాడు. క్రమశిక్షణలో కఠినుడని ప్రతీతి. ఆయన తెచ్చిన తొలి ముఖ్యుడు చార్లీ హర్లీ. ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టి, మిల్‌వాల్ క్లబ్‌లో ఎదిగిన సెంటర్ హాఫ్. హర్లీ తొలి ఆటలో సండర్‌లాండ్ బ్లాక్‌పూల్ చేతిలో 7-0తో, తరువాతి ఆటలో బర్న్‌లీ చేతిలో 6-0తో ఓడింది. రెండు ఆటల్లో 13 గోల్స్ ఇచ్చిన ఆ రక్షకుణ్ణే 1979లో, క్లబ్ శతాబ్ది సందర్భంగా, అభిమానులు ‘శతాబ్దపు ఆటగాడు’గా ఎన్నుకున్నారు. ఆ ఎన్నిక వెనుక ఉన్న విశ్వాసం కింది శ్రేణిలో గడిచిన సంవత్సరాల్లోనే కుదురుకుంది.

ఇక వెళ్లినవారు. షాకిల్టన్ 1957 ఆగస్టులో సీజన్ తొలి ఆటలోనే గాయపడి ఆట మానుకున్నాడు. రే డేనియల్ ఆ శరత్కాలంలో కార్డిఫ్‌కు పోయాడు. బిల్లీ బింగమ్ 1958 జూలైలో లూటన్‌కు వెళ్లి, మరుసటి మే నెలలో ఆ జట్టు తరఫున వెంబ్లీలో కప్ ఫైనల్ ఆడాడు. డాన్ రెవీ 1955లో ఇంగ్లండ్‌లో ‘ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపికైనవాడు. సీజన్ మొదలై మూడు నెలలు గడిచేసరికి, 1958 నవంబరులో, ఆయన లీడ్స్ యునైటెడ్‌కు మారాడు. డబ్బుతో పేర్చిన జట్టు ఇట్లా ఒక్కొక్కరుగా విడిపోయింది.

వచ్చినవారి విషయంలో ఒక తేదీ ప్రధానమైనది. 1958 సెప్టెంబరు 20న రోకర్ పార్క్‌లో ఇప్స్‌విచ్ టౌన్‌పై జరిగిన ఆటలో ముగ్గురు ఒకేసారి తొలిసారి బరిలో దిగారు: 19 ఏళ్ల లెన్ ఆష్‌హర్స్ట్, 18 ఏళ్ల జిమ్మీ మెక్‌నాబ్, 16 ఏళ్ల సెసిల్ ఇర్విన్. సండర్‌లాండ్ 2-0తో ఓడింది. ఫలితాల పట్టికలో అది మరో పరాజయం మాత్రమే. కాని ఆష్‌హర్స్ట్ ఆ తరువాత క్లబ్‌కు 400కు పైగా లీగ్ ఆటలు ఆడాడు, ఇర్విన్ 300కు పైగా ఆడాడు. పదహారేళ్ల కుర్రవాణ్ణి రెండో డివిజన్ రక్షణ పంక్తిలో నిలబెట్టడాన్ని దూరదృష్టి అనాలా, గత్యంతరం లేకపోవడమనాలా? రెండూ అనడమే న్యాయం. విచారణ తరువాత క్లబ్‌పై అధికారుల దృష్టి ఉంది, పాత దారిన ఆటగాళ్లను ఆకర్షించే వీలు లేదు. బ్రౌన్ స్వభావానికి ఇష్టమైన మార్గం, పరిస్థితి మిగిల్చిన మార్గం ఇక్కడ ఒకటయ్యాయి.

ఆ సీజన్ లెక్క ఇది: 42 ఆటలు, 16 గెలుపులు, 8 సమానాలు, 18 ఓటములు, 40 పాయింట్లు. వేసినవి 64 గోల్స్, ఇచ్చినవి 75. వాటిలో 21 గోల్స్ దక్షిణాఫ్రికాకు చెందిన డాన్ కిచన్‌బ్రాండ్‌వి. ముందటి ఏడుతో పోల్చి, ఇచ్చిన గోల్స్ 97 నుండి 75కు తగ్గాయని సంతోషించడానికి లేదు, ప్రత్యర్థులూ కింది తరగతివారే. దర్హమ్ జిల్లాలోని హార్డెన్ గ్రామంలో పుట్టి 1952 నుండి క్లబ్‌కు ఆడుతున్న స్టాన్ ఆండర్సన్, హర్లీ, వారి చుట్టూ ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లు: మిగిలినది ఈ చిన్న కేంద్రమే. లీగ్ కూడా ఆ ఏడే తన కింది భాగాన్ని పునర్వ్యవస్థీకరించింది. ఉత్తర, దక్షిణ విభాగాలను రద్దుచేసి దేశవ్యాప్తమైన మూడో, నాలుగో డివిజన్లు నెలకొల్పింది. సండర్‌లాండ్ కింద ఇప్పుడు మరో రెండు మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవి ఊహాజనితమైన మెట్లు కావు. యుద్ధానంతరం వరుసగా రెండుసార్లు విజేత అయిన పోర్ట్స్‌మత్ 1959లో రెండో డివిజన్‌కు, 1961లో మూడో డివిజన్‌కు జారింది.

సండర్‌లాండ్‌తో పాటు 1958లో దిగిన షెఫీల్డ్ వెడ్నెస్‌డే మాత్రం 106 గోల్స్ వేసి, 62 పాయింట్లతో, అగ్రస్థానంలో ఒక్క ఏడాదిలోనే తిరిగి పైకి చేరింది. ఒకే శిక్ష పొందిన ఇద్దరిలో ఒకరికి అది విరామం, మరొకరికి ఆరేళ్ల వాసం. తేడా ఎక్కడుంది? వెడ్నెస్‌డే 1951లోనూ, 1955లోనూ కూడా దిగింది. రెండుసార్లూ మరుసటి ఏడే రెండో డివిజన్ విజేతగా ఎక్కింది. ఆ క్లబ్‌కు ఈ మెట్లు పరిచితాలు. సండర్‌లాండ్ ఆత్మగౌరవమంతా ఎన్నడూ దిగలేదన్న ఒక్క మాట మీద ఆధారపడింది. ఆ మాట పోయాక క్లబ్ ఏ ప్రాతిపదికన తనను తాను చెప్పుకోవాలో కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది. షెఫీల్డ్‌లో కుంభకోణ విచారణ జరగలేదు, జట్టును విడదీయవలసిన అగత్యమూ రాలేదు. సండర్‌లాండ్ కష్టకాలానికి శ్రేణిచ్యుతి కంటే లోతైన కారణాలున్నాయనడానికి ఈ పోలికే బలమైన ఆధారం.

అట్లాగని బ్రౌన్ పద్ధతిని కీర్తించే కథనాన్నీ యథాతథంగా స్వీకరించలేం. 1959-60లో సండర్‌లాండ్ మరో స్థానం దిగి 16వ స్థానంలో నిలిచింది. 1961 జనవరిలో గరిష్ఠ వేతన నియమం రద్దయింది. ఆ తరువాత క్లబ్ మళ్లీ కొనుగోళ్లు మొదలుపెట్టింది, ఈసారి బాహాటంగా. క్లైడ్ నుండి జార్జ్ హెర్డ్, మిడిల్స్‌బరో నుండి బ్రయన్ క్లఫ్, అబర్దీన్ నుండి జార్జ్ మల్‌హాల్, బెల్జియం నుండి జానీ క్రాసన్ వచ్చారు. 1962 డిసెంబరు 26న బరీతో ఆటలో క్లఫ్ మోకాలు దెబ్బతింది. ఆ సీజన్ చివర గోల్ సగటు తేడాతోనే ప్రమోషన్ చేజారి చెల్సీకి దక్కింది. 1958లో దించిన భాగహారమే 1963లో ఎక్కనివ్వలేదు.

1964లో సండర్‌లాండ్ రెండో స్థానంతో పైకి చేరింది. ఆ జట్టులో గోల్స్ వేసినవారిలో ఎక్కువమంది కొన్నవారు. రక్షణలో ఇర్విన్, ఆష్‌హర్స్ట్, హర్లీ, వారి ముందు మెక్‌నాబ్, అంటే 1958-59లో ఓటములు చవిచూసినవారే. అగ్రస్థానం లీడ్స్‌ది, మేనేజర్ రెవీ. ఆ వేసవిలోనే బ్రౌన్, మొదటి డివిజన్‌లో సండర్‌లాండ్ తిరిగి ఒక్క ఆటైనా ఆడకముందే, షెఫీల్డ్ వెడ్నెస్‌డేకు వెళ్లిపోయాడు. 1968లో తిరిగి వచ్చాడు. 1970లో సండర్‌లాండ్ 21వ స్థానంతో, వెడ్నెస్‌డే 22వ స్థానంతో, 1958 వరుసలోనే, మళ్లీ రెండో డివిజన్‌కు దిగాయి. అప్పటికి ఆష్‌హర్స్ట్ సండర్‌లాండ్‌లోనే ఉన్నాడు.