లెక్క తేలేవరకు: తెలుక్ ఇంటాన్ తెలుగువారు, సర్క్యులేటింగ్ నర్సు

మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌ను 1982 వరకూ తెలుక్ ఆన్సన్ అనేవారు. పెరాక్ నది వంపులో ఉన్న ఈ రేవు పట్టణం చుట్టూ రబ్బరు, కొబ్బరి తోటలుండేవి. వలసపాలన కాలంలో ఉత్తరాంధ్ర నుంచి కూలికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఈ దిగువ పెరాక్ ప్రాంతంలో, ముఖ్యంగా బాగాన్ దాతో వైపు, స్థిరపడ్డాయి. తోటలో జబ్బుపడ్డవాడు మొదట వెళ్ళేది డ్రెస్సరు దగ్గరికి. కట్టు కట్టేదీ, మందు పోసేదీ, పెద్దాసుపత్రికి ఎవరిని పంపాలో తేల్చేదీ అతనే. డాక్టరు అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు. కూలీ తెలుగులో చెప్పుకున్న నొప్పి చాలాసార్లు తమిళం మీదుగా ఇంగ్లీషులోకి మారి డాక్టరు చెవిన పడేది.

మత్తు ఇచ్చాక రోగికి ఆ మాత్రం మాట కూడా ఉండదు. అప్పుడు అతని పక్షాన నోరు విప్పవలసిన వారెవరు? శస్త్రవైద్య చరిత్ర ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబుల్లో సర్క్యులేటింగ్ నర్సు ఒకటి.

ఈ బాధ్యత క్రిమిరహిత శస్త్రచికిత్సతో రూపు కట్టింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కెరొలైన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాలకు పుండ్లు పడుతుంటే, శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు గ్లవ్స్ చేయించాడు. ఇది 1889-90 నాటి మాట. నర్సు చేతికోసం వచ్చినవి తర్వాత వైద్యులందరి చేతికీ ఎక్కాయి. తెలుక్ ఆన్సన్ చుట్టుపక్కల రబ్బరు పాలు తీసిన మనవాళ్ళకు ఈ కథ తెలిసి ఉండదు.

గౌను, గ్లవ్స్ వచ్చాక థియేటరు రెండుగా చీలింది. స్క్రబ్ నర్సు క్రిమిరహిత వలయం లోపల నిలబడి పనిముట్లు అందిస్తుంది. సర్క్యులేటింగ్ నర్సు వలయానికి బయట ఉంటుంది, ఆ బల్లను ముట్టుకోకూడదు. కావలసినవి తెచ్చి ఇవ్వడం, రక్తం తెప్పించడం, శాంపిళ్ళకు పేర్లు రాయడం, మాపులు, సూదులు లెక్కపెట్టి బోర్డు మీద వేయడం ఆమె పని. లోపలివారి చూపంతా గాయం మీద ఉంటే, ఆమె చూపు గది మొత్తం మీద ఉంటుంది.

అయితే లెక్క ఒక్కటే రోగిని కాపాడదు. శరీరంలో వస్తువులు మిగిలిపోయిన 54 మంది రోగులపై 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అతుల్ గవాండే బృందం ఒక పరిశీలన ప్రచురించింది. లెక్క పెట్టిన కేసుల్లో 88 శాతంలో లెక్క సరిపోయిందనే నమోదై ఉంది! అత్యవసర ఆపరేషన్లలో, మధ్యలో పథకం మారిన ఆపరేషన్లలో ప్రమాదం ఎక్కువ. అంటే తొందర ఉన్నచోట. అక్కడ కావలసింది కూడికలు వచ్చిన మనిషి మాత్రమే కాదు, ఆగమని చెప్పగల మనిషి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక అర్ధరాత్రి మాపు ఒకటి తగ్గింది. పెద్ద డాక్టరుగారు బకెట్‌లో పడి ఉంటుంది, కుట్లు వేసేద్దామన్నారు. సిస్టరు బకెట్ నేల మీద కుమ్మరించి, ఒక్కొక్కటి విప్పి చూపించి, "లేదు సార్, లోపలే ఉంది" అంది. ఉంది, పేగుల వెనుక. ఆయన ఆమెతో ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు. ఆమెకు అప్పుడు అండగా నిలిచే కాగితం ఏదీ లేదు.

ఆ కాగితం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు రూపంలో వచ్చింది. ఢిల్లీ, మనీలా సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించగా మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. దాన్ని పైకి చదివి నడిపించే బాధ్యత తరచు సర్క్యులేటింగ్ నర్సుదే. మలేసియా 2013లో ప్రకటించిన రోగి భద్రతా లక్ష్యాల్లో సురక్షిత శస్త్రచికిత్స కూడా ఉంది.

చెక్‌లిస్టులో మొదటి ప్రశ్న రోగి ఎవరన్నది. మలేసియా తెలుగువారి పత్రాల్లో ఇంటిపేరు సాధారణంగా కనిపించదు. పేరు, తర్వాత 'ఎ/ఎల్' (మలయ్‌లో 'అనాక్ లెలాకి', కొడుకు అని), ఆపైన తండ్రి పేరు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారిలో అప్పలసామి అన్న పేరు ఎంత మామూలో మనకు తెలుసు. ఒకే వార్డులో ఇద్దరు అప్పలసామిలు ఉన్నరోజు, మత్తు ఇవ్వకముందే తండ్రి పేరూ, గుర్తింపు కార్డు నంబరూ అతని నోటే చెప్పించి, చేతి పట్టీతో సరిచూడవలసింది ఆమే.