తుంగలో తొక్కరాని తుంగ

ఇచ్చిన మాట తప్పినవాణ్ణి "మాటను తుంగలో తొక్కాడు" అంటాం. లోకం దృష్టిలో తుంగ కాలికింద నలిగే గడ్డి. మా యానాది, ఎరుకల పెద్దలకు మాత్రం అది పడుకునే చాప. తడినేలలో దాని పక్కనే పెరిగే జమ్ము పాకకు కప్పు. చిన్నజాతి తుంగముస్త గడ్డలు జ్వరానికి, అజీర్తికి మందు. ఆ గడ్డి కథను ఈ సంచికలో రాసి ఉంచుతున్నాం.

వానను నమ్ముకున్న పాత పల్నాడులో తడినేల తక్కువ. మాచర్ల దగ్గర చంద్రవంక, కారెంపూడి దగ్గర నాగులేరు, ఊరి చెరువుల అంచులు, అంతే. సొంత భూమి లేనివారు గడ్డి కోసుకోవాలంటే తిరగాలి. ఆ తిరగడమే నేరమైన కాలం ఒకటి వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎరుకలవారిని అందులో చేర్చారు. పేరు నమోదైనవారు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే చెప్పి వెళ్లాలి. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అనుమానపు చూపు మాత్రం అంత తొందరగా పోలేదు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ వెంట మెట్ట మాగాణి అయింది. ఊట నేలల్లో, మురుగు కాలువల్లో తుంగ, జమ్ము తెగ పెరిగాయి. రైతుకు అది కలుపు, కాలువకు అడ్డు. తీసి గట్టున పారేస్తారు. గడ్డి పెరిగింది గానీ అది మొలిచిన నేల మాది కాలేదు. ఇంతలో రేకుల కప్పులు, ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. కోత తెలిసిన చేతులు ఖాళీ అయ్యాయి.

అందుకే మేము కోరేది ఒకటే. ఒకరి గట్టు మీద కోసుకున్న గడ్డిని ఇకనైనా మన పెరట్లో మనమే నాటుకుందాం. స్నానాల నీళ్లు, బోరింగు నీళ్లు పారే చోటు చాలు. తొలకరిలో చాప తుంగ దుంపను మొలకతో సహా తవ్వి తెచ్చి, బంకమట్టిలో జానెడు ఎడంగా నాటాలి. నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, దోమలు చేరేలా నీరు నిలవకూడదు. కాడ ఎదిగాక పీకకుండా మొదలు మీద కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసిన మూడు పలకల కాడను పచ్చిగా ఉండగానే చీల్చి ఎండబెట్టాలి. జమ్మును మాత్రం తొట్టిలోనే పెంచాలి, వదిలితే పెరడంతా అల్లుకుంటుంది. తుంగముస్తను చేనుకు దూరంగా ఉంచాలి.

గూడెంలో చాప అల్లిక తెలిసిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. పిల్లలు వారి పక్కన కూర్చుని గడ్డి పేర్లు, కోత కాలం, అల్లిక రాసుకోవాలి. వారి తెలివిని మాత్రం తుంగలో తొక్కవద్దు.