వీరవసంతరాయ మండపం: మసి వెనక రాయి

మదురై మీనాక్షమ్మ గుడి తూర్పువైపు, వేయిస్తంభాల మండపం పక్కనే వీరవసంతరాయ మండపం ఉంది. మదురై నాయకరాజు ముద్దువీరప్ప నాయకుడి కాలపు కట్టడం, అంటే 17వ శతాబ్దం మొదటి రోజులది. ఆ నాయకరాజుల ఇంటి భాష తెలుగే. వాళ్ల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మాబోటి తెలుగు కుటుంబాల్లో ఈ మండపం పేరెత్తితే గాజులు, కుంకుమ, బొమ్మలు గుర్తొచ్చేవి. శిల్పాలను ఎవరు చూశారు? స్తంభాల మధ్యంతా దుకాణాలే.

2018 ఫిబ్రవరి 2 రాత్రి ఆ దుకాణాల్లోనే మంటలు లేచాయి. రాతి మండపంలో కాలడానికేముంది అనుకుంటాం. ప్లాస్టిక్ సరుకు, చెక్క అరలు, గుడ్డలు చాలవూ! పైకప్పు కొంత కూలింది, స్తంభాలు బీటలువారాయి, అక్కడ గూళ్లు కట్టుకున్న పావురాలు చచ్చిపోయాయి.

మంటకు రాయి ఎందుకు బీటలువారుతుందంటే, గ్రానైటులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది. పక్కనున్న ఖనిజాలు అంత ఉబ్బవు కాబట్టి రేణువుల పట్టు సడలుతుంది. పైపొర కాగి, లోపలిది చల్లగానే ఉండటంతో రాయి పెచ్చులుగా లేస్తుంది. కాగిన రాతిమీద నీళ్లు పడితే ఇంకా పగులుతుంది. అలాగని మంట ఆర్పకుండా ఉండలేం కదా.

మసి చూడగానే యాసిడ్ పోసి కడిగేయాలనిపిస్తుంది. అది తప్పు. తడిపితే మసి రాతి రంధ్రాల్లోకి దిగుతుంది. ముందు పొడిగానే మెత్తని కుంచెతో, వాక్యూమ్‌తో తీయాలి. ప్లాస్టిక్ కాలిన జిడ్డు మరకకు తగిన మందు కలిపిన బంకమట్టి పట్టు వేసి, ఆరాక ఒలవాలి. ఇసుక చిమ్మే యంత్రం పెడితే మసితోపాటు ఉలి గీతలూ పోతాయి. ఆపైన చిన్న సుత్తితో తట్టి వినాలి: ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా పలికితే లోపల పగిలినట్టే. అలాంటి స్తంభం ఎంత తెల్లగా తేలినా పైకప్పు మొయ్యదు.

అందుకే ఇక్కడ పని శుభ్రం చేయడంతో తీరలేదు. నామక్కల్ జిల్లా రాశిపురం వైపు నుంచి కొత్త రాళ్లు తెప్పించి, కూడల్ సెంగుళం అనే చోట చెక్కడం మొదలుపెట్టారు. ఏళ్లు పడుతోందేమని ఊళ్లో విసుక్కున్నవాళ్లు చాలామంది. నిలువెత్తు స్తంభానికి నెర్రె లేని ఏకశిల కావాలి. అది అడిగిన రోజున దొరికే సరుకు కాదు.

ఈ ప్రమాదం తర్వాత, గుడికి ఎదురుగా తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపంలోని దర్జీలనూ, అంగళ్లనూ కున్నత్తూర్ సత్రానికి మార్చారు. పుదుమండపంలో జాకెట్లు కుట్టించుకోవడం మా ఆడవాళ్లకు ఎంతో ఇష్టం. అయినా ఆ మార్పు సరైనదే, ముందే జరగాల్సింది.