పేరు రేవుది, పనితనం ఎవరిది?

తెల్లని పింగాణీ మీద ముదురు నీలం, ఎరుపు, బంగారు పూలు! జపాను వారి పాత ‘ఇమారి’ పళ్ళెం చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. నిజానికి ఇమారి అన్నది సరుకు ఓడకెక్కిన రేవు పేరు. చాలామటుకు చేసింది దగ్గరున్న అరితా ఊళ్ళో. నీలం ముందువేసి, గాజుపూత పూసి కాలుస్తారు. ఎరుపూ బంగారమూ ఆ పైన అద్ది మళ్ళీ సన్నసెగన కాలుస్తారు. ఏ కాల్పులో బీట వారినా శ్రమంతా వృథాయే.

ఈ విద్య అక్కడ నాటింది ఎవరనుకున్నారు? 1592-98 నాటి యుద్ధాల్లో కొరియా నుంచి పట్టుకొచ్చిన కుమ్మరులు! వారిలో రీ సంపే అనే ఆయన 1616 ప్రాంతాన తెల్లమన్ను కనిపెట్టాడని చెప్పుకుంటారు. 1659లో డచ్చి వర్తకులు వేలకొద్దీ పురమాయించారు. ఐరోపా రాజమందిరాలు మురిసిపోయాయి.

పేరేమో రేవుకు, లాభమేమో వర్తకుడికి. మరి ఆ చేతులకో? అరితా వారు మరవలేదు లెండి. 1917లో కొండమీద ఆ పరాయిదేశపు కుమ్మరికి స్మారకస్తంభం నిలబెట్టారు.